19వ శతాబ్దపు ఆడ బాక్సర్లు: క్రీడాకారిణులా, స్టేజీ కళాకారిణులా?

పాతపేపర్లు:
1888 సెప్టెంబరులో జరిగిన సంగతి ఇది. అమెరికాలోని బఫలో పట్నానికి దగ్గర్లో, నయాగరా నది మధ్య కెనడా హద్దులో నేవీ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. అక్కడ హ్యాటీ లెస్లీ, ఆలిస్ లియరీ అనే ఇద్దరు ఆడవాళ్లు బాక్సింగ్ పోటీకి దిగారు. చూసినవాళ్లు పట్టుమని వందమంది కూడా లేరు. ఏడు రౌండ్లలో లెస్లీ గెలిచింది. సంగతి పేపర్లకెక్కాక పెద్ద దుమారం రేగింది. పోటీ పెట్టించిన మగవాళ్లలో కొందరిని అరెస్టు చేశారు. ఆ తర్వాత లెస్లీ థియేటర్లలో బాక్సింగ్ ప్రదర్శనలిస్తూ ఊళ్లు తిరిగింది. 1892లో, పాతికేళ్లు నిండకుండానే టైఫాయిడ్‌తో చనిపోయింది.

మిత్రుల మధ్య ఈ మాట వచ్చినప్పుడు ఒకాయన తేల్చేశాడు: "వాళ్లను బాక్సర్లనకూడదు. అదంతా స్టేజీ షో. ఆడవాళ్ల బాక్సింగ్ చరిత్ర లైసెన్సులు ఇచ్చిన 1970ల నుంచే మొదలవుతుంది."

నేను ఒప్పుకోలేకపోయాను. లెస్లీ, ఆమెకు ముందు 1876లో న్యూయార్క్‌లో తలపడ్డ నెల్ శాండర్స్, రోజ్ హార్లాండ్, ఆ తర్వాతి హ్యాటీ స్టువర్ట్, వీళ్లందరికీ బాక్సింగ్ చరిత్రలో మొదటి పేజీల్లోనే చోటుండాలని నా గట్టి నమ్మకం. మీరేమంటారు? ఆట తెలిసినవాళ్లు కూడా చెప్పండి.

రింగ్‌సైడ్:
విశాఖలో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంటాను కాబట్టి ఆట వైపు నుంచి చెబుతాను. మీ మిత్రుడి మాటే నాకు సబబనిపిస్తోంది.

ఏ ఆటకైనా కొన్ని ఉండాలి. ఇద్దరికీ వర్తించే నిబంధనలు, ఎవరి పక్షమూ కాని రిఫరీ, బరువును బట్టి విభాగాలు, ఓడినవాడు మళ్లీ పైకి రావడానికి ఒక దారి. మీరు చెప్పిన 1876 పోటీ ఎక్కడ జరిగింది? హ్యారీ హిల్ థియేటర్లో. డ్యాన్సు, మద్యం, పాటలు నడిచే చోటు అది. గెలిచిన శాండర్స్‌కు ఇచ్చిన బహుమతి వెండి వెన్న గిన్నె. ఇక ఛాంపియన్ సంగతి. లెస్లీ నేనే అంది, స్టువర్ట్ నేనే అంది. ఏ సంఘం ఇచ్చింది ఆ పట్టం? టికెట్లు అమ్ముకోవడానికి పోస్టరు మీద వేసుకున్న మాటలవి.

వాళ్ల ధైర్యాన్ని నేను కాదనడం లేదు. ఆ రోజుల్లో ఆడమనిషి అలా నిలబడడం మామూలు విషయం కాదు. కానీ ధైర్యం చూపినంత మాత్రాన అది క్రీడ అయిపోదు.

పాతపేపర్లు:
రింగ్‌సైడ్ గారూ, మీరు చెప్పిన కొలతలు మంచివే. వాటితోనే ఆ కాలపు మగవాళ్లనూ కొలుద్దాం.

జాన్ ఎల్. సలివన్‌ను తీసుకోండి. ఆ శతాబ్దంలో అమెరికా అంతా చేతులెత్తి మొక్కిన ఛాంపియన్. న్యూయార్క్‌లో ఆయన పేరు ముందుగా మోగింది ఎక్కడ? 1881 మార్చిలో, అదే హ్యారీ హిల్ స్టేజీ మీద. నాలుగు రౌండ్లు తన ముందు నిలబడినవాడికి 50 డాలర్లు ఇస్తానన్నాడు. స్టీవ్ టేలర్ ముందుకొచ్చి నిలవలేకపోయాడు. ఐదేళ్ల ముందు శాండర్స్, హార్లాండ్ ఆడిన థియేటరే. అక్కడ సలివన్ కొడితే అది బాక్సింగ్ చరిత్ర, శాండర్స్ కొడితే స్టేజీ షో ఎలా అవుతుంది?

1883, 84ల్లో సలివన్ రైలెక్కి దాదాపు ఎనిమిది నెలలు అమెరికా అంతా తిరిగాడు. ఊరూరా థియేటర్లలో తన బృందంలోని బాక్సర్లతో ప్రదర్శనలు, ఆ పైన నాలుగు రౌండ్లు నిలిచిన స్థానికుడికి 1000 డాలర్ల పందెం. తర్వాత నాటకాల్లో వేషం కూడా వేశాడు. ఆయనను ఓడించిన కార్బెట్ కూడా నాటకాల్లో నటించినవాడే. మగ బాక్సింగ్ ఆ రోజుల్లో థియేటర్ డబ్బు మీదే బతికింది. ఆ మాట చెప్పి సలివన్‌ను చరిత్రలోంచి ఎవరూ తీసేయలేదు.

నిబంధనల సంగతికొస్తే, గ్లవ్స్ తప్పనిసరి చేసిన క్వీన్స్‌బరీ నిబంధనలు అచ్చయింది 1867లో. అవి వచ్చి 22 ఏళ్లయ్యాక కూడా, 1889 జులైలో మిసిసిపీ రాష్ట్రంలో సలివన్, కిల్‌రేన్ గ్లవ్స్ లేకుండా 75 రౌండ్లు కొట్టుకున్నారు. అదీ చట్టానికి దొరక్కుండా చోటు రహస్యంగా ఉంచి, న్యూ ఓర్లీన్స్ నుంచి రైల్లో జనాన్ని తీసుకెళ్లి. నేవీ ఐలాండ్ పోటీకి పదినెలల తర్వాత జరిగింది ఇది.

దీవి మీద దొంగతనంగా ఆడారనే మాట కూడా చాలామంది అంటుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో పందెం పోటీలను నిషేధిస్తూ 1859లోనే చట్టం వచ్చింది. అంతకు ముందు ఏడాది హీనన్, మారిసీ అనే ఇద్దరు మగ బాక్సర్ల పోటీ ఎక్కడ జరిగిందో చూడండి. ఈరీ సరస్సు ఒడ్డున కెనడాలోని లాంగ్ పాయింట్‌లో. జనం పడవలెక్కింది బఫలోలోనే. లెస్లీని తీసుకెళ్లినవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మగవాళ్లు ముప్పై ఏళ్ల ముందు పట్టిన దారే పట్టారు.

గంటస్తంభం:
కార్బెట్ సంగతి కొంచెం పొడిగిస్తాను. 1894లో ఎడిసన్ స్టూడియోలో కార్బెట్, కోర్ట్నీ అనే అతనితో ఆడిన పోటీని సినిమా తీశారు. కెమెరాలో పట్టేందుకు ఒక్కో రౌండూ నిమిషం చొప్పున ఆరు రౌండ్లు. ఆరో రౌండులో కోర్ట్నీ పడిపోయాడు, అనుకున్న ప్రకారమే. హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ చేసిన పని అది.

అదే ఎడిసన్ కంపెనీ 1901లో గోర్డన్ అక్కచెల్లెళ్లు, బెస్సీ, మినీలు బాక్సింగ్ చేస్తుంటే తీసింది. ఆ సినిమా ఇప్పటికీ ఉంది. చూడనివాళ్లు చూడండి, మాటలతో వాదించుకోవడం కంటే మేలు.

రింగ్‌సైడ్:
గోర్డన్ అక్కచెల్లెళ్ల సినిమా చూశాను. వెనక తోట బొమ్మ గీసిన తెర, ఒంటి మీద గౌన్లు. చేతులు బాగా దూరం నుంచి తిప్పి కొడుతున్నారు. గార్డ్, అంటే ముఖాన్ని కాచుకునే చేతుల అడ్డు, నిలవడం లేదు. మా దగ్గర ఆరు నెలలు నేర్చుకున్న అమ్మాయి ఇంతకంటే నిలకడగా ఆడుతుంది. కోర్ట్నీ పోటీ నాటకమే అనుకుందాం, కానీ దాంట్లో కార్బెట్ కాళ్లు చూడండి. తెలుస్తుంది ఆయన బాక్సరని.

సలివన్ మీద పాతపేపర్లు గారి వాదనలో బలముంది. కానీ ఒక తేడా ఉంది. సలివన్ థియేటర్‌తో పాటు అసలు పోటీలూ ఆడాడు. 1882లో ప్యాడీ రయన్‌ను ఓడించి టైటిల్ తీసుకున్నాడు. పదేళ్ల తర్వాత కార్బెట్ చేతిలో పోగొట్టుకున్నాడు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చిన గొలుసు ఉంది అక్కడ. ఆడవాళ్లకు ఆ గొలుసేదీ?

కృష్ణలంక:
నేను ఇంకో వైపు నుంచి మాట్లాడాలి. ఇక్కడ ఇంతసేపూ థియేటర్లు, పోస్టర్లు, టైటిళ్ల గురించే నడిచింది. లెస్లీకి 80 ఏళ్ల ముందు, 1807లో లండన్ శివార్లలోని వర్మ్‌వుడ్ స్క్రబ్స్‌లో బెట్టీ డైసన్, మేరీ మహోనీ అనే ఇద్దరు కొట్టుకున్నారు. డైసన్ చిన్న చేపలమ్ముకునే మనిషి, మహోనీ బజారులో సరుకులమ్మేది. ఐదు గినీల (పాత ఇంగ్లీషు బంగారు నాణేల) పందెం. నలభై నిమిషాలకు పైగా సాగింది. ఇద్దరి ముఖాలూ ఆనవాలు పట్టలేనట్టు అయ్యాయని పేపర్లో వచ్చింది. 1822లో మార్తా ఫ్లాహర్టీ, పెగ్ కేరీ పోటీ తెల్లవారుజామున ఐదున్నరకు మొదలైంది. తొమ్మిది రౌండ్లలో ఫ్లాహర్టీ గెలిచింది. దిగే ముందు ఆమె జిన్ను తాగి దిగిందని రాశారు. నొప్పి తెలియకుండా ఉండడానికే అయ్యుంటుందని నాకనిపిస్తుంది.

వీళ్లను చరిత్రకు మొదటి పేజీ అని పొగడడానికి నాకు మనసొప్పదు. ఇద్దరు పేద ఆడవాళ్లు పళ్లు రాలగొట్టుకుంటుంటే చుట్టూ నిలబడి పందేలు కాసిన పెద్దమనుషులది ఆ చరిత్ర. పందెంలో గెలిచిన డబ్బు వాళ్లకు ఎంత మిగిలిందో, ఆ దెబ్బలతో తర్వాత ఎన్నాళ్లు బజారుకు రాలేదో మనకు రాసిపెట్టినవాళ్లు లేరు. మార్గం చూపించారని దండలు వేసేముందు, వాళ్లకు ఇంకో మార్గం ఉందా అని అడగాలి కదా.

పాతపేపర్లు:
కృష్ణలంక గారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఆకలి లేదని నేననను. కానీ ఆ ప్రశ్న ఆడవాళ్లను మాత్రమే ఎందుకడుగుతాం?

ఇంగ్లండ్ బాక్సర్ టామ్ సేయర్స్ ఇటుకలు పేర్చే కూలి. జాన్ హీనన్ కాలిఫోర్నియాలోని బెనీషియా వర్క్‌షాపుల్లో సమ్మెట కొట్టినవాడు. 1860లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో పొలాల్లో వాళ్లిద్దరూ రెండు గంటలకు పైగా కొట్టుకున్నారు. సేయర్స్ కుడిచేయి పనికి రాకుండా పోయింది, హీనన్ కళ్లు వాచి మూసుకుపోయాయి. వాళ్లూ డబ్బు కోసమే దిగారు. చుట్టూ పందేలు కాసినవాళ్లలో పెద్ద పెద్ద దొరలున్నారు. 1865లో సేయర్స్ చనిపోతే లండన్‌లో వేలమంది శవయాత్రకు వచ్చారు. హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి మీద ఆయన పెంచుకున్న కుక్క విగ్రహం కూడా పెట్టారు. పేదవాడు కొట్టుకుంటే వీరుడయ్యాడు. పేదది కొట్టుకుంటే మనం జాలిపడి పక్కన పెట్టేస్తున్నాం. ఆ జాలి కూడా వాళ్ల పేర్లను చెరిపేస్తుందని నా బాధ.

డైసన్‌కు తన దెబ్బ మీద, తన ఓర్పు మీద నమ్మకం లేకపోతే నలభై నిమిషాలు నిలబడేదా?

కృష్ణలంక:
సేయర్స్‌ను వీరుడన్నందుకూ నాకు అభ్యంతరమే. ఇద్దరి విషయంలోనూ ఒకే మాట నాది. కాకపోతే ఒకటి. హీనన్‌తో పోటీ ఎవరూ గెలవకుండా డ్రాగా ముగిశాక సేయర్స్‌కు జనం చందాలు వేసి డబ్బు పోగుచేసి ఇచ్చారు, ఇక పోటీలకు దిగకుండా బతకమని. డైసన్‌కు ఎవరిచ్చారు? మళ్లీ చేపల బుట్టే. సమానంగా గౌరవించాలంటే ముందు ఆ తేడా ఒప్పుకోవాలి.

ఇందూరు:
నమస్తే అందరికి. నేను నిజామాబాద్ దాన్ని. మా ఊరి పిల్ల నిఖత్ జరీన్ 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల ప్రపంచ ఛాంపియన్ అయింది. చిన్నప్పుడు స్టేడియంకు పోతే అన్ని ఆటలల్ల ఆడపిల్లలు ఉన్నరు గని బాక్సింగ్‌ల ఒక్కరు లేరట. ఆడపిల్లలు బాక్సింగ్ ఆడరా అని వాళ్ల నాయిన్ని అడిగిందని తనే చెప్పింది. నాకు ఈ చర్చ చదువుతుంటే అదే యాదికొస్తున్నది. 1876ల న్యూయార్క్‌ల ఆడిండ్రు అని ఎవరన్న ఆ పిల్లకు చెప్పి ఉంటే ఎట్లుండేది?

రింగ్‌సైడ్ సార్, షో అంటున్నరు గద. 2010 ప్రపంచ పోటీలప్పుడు ఆడోళ్లు స్కర్టులు ఏసుకోని ఆడాలె, టీవీల మంచిగ కనిపిస్తది అని అంతర్జాతీయ సంఘమే ముందుకు తెచ్చింది. బాక్సర్లు గట్టిగ కొట్లాడితే 2012 ఒలింపిక్స్‌ల ఇష్టమున్నోళ్లు ఏసుకోవచ్చు అని మార్చిండ్రు. అంటే షో చెయ్యమని అడిగేటోళ్లు ఇప్పటికి ఉన్నరు. స్కర్టు ఏసుకున్న పిల్ల బాక్సర్ కాకుండ పోతదా సార్? గౌను ఏసుకున్నరని గోర్డన్ అక్కచెల్లెండ్లను తీసేస్తే ఎట్ల?

రింగ్‌సైడ్:
అమ్మా ఇందూరూ, నేను గౌను చూసి అనలేదు. గార్డ్ చూసి అన్నాను. స్కర్టుల సంగతిలో నువ్వన్నది నూరుపాళ్లు నిజం, అది సిగ్గుపడాల్సిన పని.

కానీ నా అసలు ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. గొలుసు ఎక్కడ? ఇంగ్లండ్‌లో అమెచ్యూర్ బాక్సింగ్ అసోసియేషన్ 1880లో పుట్టింది. ఆడవాళ్లను రానిచ్చింది 1996లో. బాక్సర్లకు లైసెన్సులిచ్చే న్యూయార్క్ కమిషన్ 1975లో జాకీ టొనవాండాకు లైసెన్స్ కాదంది, 1978లో ఆమెకూ, లేడీ టైగర్ ట్రిమియర్‌కూ, క్యాట్ డేవిస్‌కూ ఇచ్చింది. బ్రిటన్‌లో జేన్ కౌచ్ 1998లో ట్రిబ్యునల్‌కు వెళ్లి గెలిస్తే గానీ లైసెన్స్ రాలేదు. నెలసరి ముందు రోజుల్లో ఆడవాళ్ల మనసు నిలకడగా ఉండదని అక్కడి బోర్డు వాదించింది, ఆ కాలంలో కూడా! ఆడవాళ్ల ప్రపంచ పోటీలు మొదటిసారి జరిగింది 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో, మన మేరీ కోమ్ వెండి పతకం తెచ్చింది అక్కడే. వీళ్లెవరూ లెస్లీ దగ్గర నేర్చుకోలేదు. లెస్లీ పేరు చెప్పి కోర్టులో గెలవలేదు. ఇల్లు పునాదుల నుంచి మళ్లీ కట్టుకున్నారు. కట్టినవాళ్లకు ఆ గౌరవం ఇవ్వాలని నా పట్టుదల. నూట పాతికేళ్ల కిందటి థియేటర్ వాళ్లతో కలిపేస్తే టొనవాండా, కౌచ్ పడ్డ కష్టం పలచబడుతుంది.

గంటస్తంభం:
గొలుసు ఉంది. సన్నగా ఉంది, కానీ తెగలేదు. చెబుతాను.

ఇంగ్లండ్‌లో, ఐర్లండ్‌లో సంతలకు, తిరునాళ్లకు బాక్సింగ్ గుడారాలు వచ్చేవి. గుడారం బయట అరుగు మీద బాక్సర్లు వరసగా నిలబడేవాళ్లు. జనంలోంచి ఎవరైనా వచ్చి తలపడొచ్చు, నిర్ణయించినంతసేపు నిలబడితే డబ్బిస్తారు. ఆ గుడారాల్లో పెరిగిన మనిషి పాలీ ఫెయిర్‌క్లాఫ్. 1881లో పుట్టింది, తర్వాత పాలీ బర్న్స్ పేరుతో ప్రపంచ ఛాంపియన్‌గా తిరిగింది. ఆ పట్టం ఏ సంఘమూ ఇవ్వలేదు, రింగ్‌సైడ్ గారు అడిగేలోపు నేనే చెబుతున్నాను.

1940ల్లో యార్క్‌షైర్‌లో బార్బరా బట్రిక్ అనే అమ్మాయి బూట్లకంటిన మట్టి తుడవడానికి తీసిన పాత పేపర్లో పాలీ బర్న్స్ గురించి చదివింది. అప్పుడే బాక్సర్ కావాలనుకుంది. ఐదడుగులు కూడా లేని మనిషి. లండన్ వెళ్లి నేర్చుకుంది. అసోసియేషన్లు వద్దంటే అవే సంత గుడారాల్లో మగవాళ్లతో ఆడింది. తర్వాత అమెరికా చేరి 1957లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఫిలిస్ కుగ్లర్‌ను ఓడించింది. అక్కడితో ఆగలేదు. పెద్దయ్యాక ఆడవాళ్ల కోసం అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య ఒకటి స్థాపించి దగ్గరుండి నడిపింది. 2020లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు క్రిస్టీ మార్టిన్, లూషియా రైకర్‌లతో పాటు ఆమెను కూడా ఎంపిక చేశారు.

19వ శతాబ్దపు సంత గుడారం నుంచి లైసెన్సుల కాలం దాకా మధ్యలో ఒకే ఒక్క మనిషి. ఆ పేపరు ముక్క ఆ రోజు ఇంకెవరో పొయ్యిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో గానీ, పెట్టలేదు.

ఇందూరు:
ఈ ముచ్చట నాకు తెల్వదు. మస్తు సంతోషమైంది. పేపర్ల పేరు ఉండబట్టే గద ఆ పిల్లకు తెలిసింది.

రింగ్‌సైడ్:
బట్రిక్ గారి మీద నాకు చాలా గౌరవం. కానీ ఒక్క కొక్కీని గొలుసు అనలేం. పాలీ బర్న్స్ హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ జాక్ జాన్సన్‌తో ఆడానని కూడా చెప్పుకుంది. అలాంటి మాటలు ఎన్ని నమ్మాలి? సంత గుడారం మనిషికి గొప్పలు చెప్పుకోవడం వృత్తిలో భాగం.

పాతపేపర్లు:
గొప్పలు చెప్పుకోవడం మగవాళ్ల గుడారాల్లోనూ వృత్తిలో భాగమే. వాటిని వడగట్టడానికే చరిత్రకారులున్నారు. వడగట్టాక మిగిలిందే అడుగుతున్నాను నేను.

మీ దృష్టికి ఇంకొకటి తేవాలి. తలుపులు మూసింది ఎవరు? ఆడవాళ్లు ఆడడం మానేసి గొలుసు తెంపలేదు. సంఘాలు పుట్టినప్పుడల్లా వాళ్లను గడప బయట నిలబెట్టాయి. బయట నిలబెట్టినవాళ్లే వచ్చి, "మీకు సంఘం లేదు, రికార్డు లేదు, అందుకే మీది ఆట కాదు" అంటే అది న్యాయమేనా? హ్యాటీ స్టువర్ట్ భర్తతో కలిసి బాక్సింగ్ నేర్పిన మనిషి. ఆడ సలివన్ అని ఆమెను పిలిచేవాళ్లు. ఆమెను అసోసియేషన్ రానిచ్చి ఉంటే ఆమె శిష్యురాళ్ల లెక్క ఇవాళ మీ చేతిలో ఉండేది.

టొనవాండా కష్టం పలచబడుతుందని మీరన్నారు. నాకు అలా అనిపించడం లేదు. 1978లో ఆమెకు దొరికింది కొత్తగా ఇచ్చిన బహుమతి కాదు, నూరేళ్ల కిందట లాక్కున్నది తిరిగొచ్చిందని తెలిస్తే ఆమె పోరాటం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

కృష్ణలంక:
ఇది నాకు నచ్చింది. లాక్కున్నది అనే మాట దగ్గర నేనూ కలుస్తాను. కానీ వాళ్ల గురించి రాసేటప్పుడు దెబ్బలూ రాయాలి, పందెం డబ్బు ఎవరికి పోయిందో కూడా రాయాలి. మెరుపు బొమ్మలు మాత్రం వద్దు.

గంటస్తంభం:
హాల్ ఆఫ్ ఫేమ్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకో సంగతి. జేమ్స్ ఫిగ్ అందులో ఉన్నాడు, 1992లో చేర్చారు. 1720ల నాటి లండన్ మనిషి. ఆయన పేరు పొందింది ఎక్కువగా కత్తితో, కర్రతో. టికెట్టు పెట్టి రంగస్థలం మీద ఆడేవాడు. అప్పటికి రాసిపెట్టిన నిబంధనలే లేవు, బాక్సింగ్‌కు మొదటగా రాసిన బ్రౌటన్ నిబంధనలు వచ్చింది 1743లో. అదే లండన్‌లో అదే దశాబ్దంలో, 1722లో ఎలిజబెత్ విల్కిన్సన్ అనే ఆమె పేపర్లో సవాలు వేసింది. హన్నా హైఫీల్డ్ వచ్చి మూడు గినీలకు తనతో స్టేజీ మీద కొట్టాలి, ఇద్దరూ చేతికొక అర క్రౌన్ నాణెం పట్టుకోవాలి, ముందు నాణెం జారవిడిచినవాళ్లు ఓడినట్టు. గుప్పిట తెరిస్తే నాణెం పడిపోతుంది కాబట్టి గోళ్లతో రక్కడానికి, జుట్టు పట్టి లాగడానికి వీల్లేదు. పిడికిలితోనే కొట్టాలి. బ్రౌటన్ కంటే ఇరవై ఏళ్లు ముందు ఒక ఆడమనిషి పెట్టిన నిబంధన ఇది. రింగ్‌సైడ్ గారి మొదటి కొలత నిబంధనలే కదా.

రింగ్‌సైడ్:
నాణెం సంగతి మంచి పాయింటు. కోచ్‌గా చెబుతున్నాను, పిడికిలి మూసి ఉంచడం నేర్పడానికి అంతకంటే సులువైన ఉపాయం లేదు. ఫిగ్‌ను బాక్సింగ్ కింద చేర్చడం నాకు ముందు నుంచీ ఇష్టం లేదు, కావాలంటే తీసేయమనే అంటాను.

నా మాట ఇది. నేవీ ఐలాండ్ పోటీని రికార్డులో రాయండి. ఒకరు ఓడేదాకా ఏడు రౌండ్లు నిజంగా కొట్టుకున్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. విల్కిన్సన్‌నూ రాయండి. కానీ 1876 థియేటర్ పోటీ, లెస్లీ తర్వాతి టూర్లు, గోర్డన్ సినిమా వినోదం లెక్కలోకే వెళ్లాలి. అక్కడ నేను కదలను.

పాతపేపర్లు:
అయితే సలివన్ ఎనిమిది నెలల టూరు, హ్యారీ హిల్ థియేటర్లో టేలర్‌తో ఆడిన పోటీ, కార్బెట్ సినిమా కూడా ఆ వినోదం లెక్కలోకే రావాలి. వాటిని అక్కడ రాయడానికి మీరు సరేనంటే, శాండర్స్ పేరును ఆ లెక్కలోకి నా చేత్తో నేనే రాస్తాను.